పగ్‌కి వడదెబ్బ తగిలితే ముందు నీళ్లు, ఫ్యాను. ఆ తర్వాతే ఆటో

అన్నిటికంటే ముందు ఒక్క మాట. మీ పగ్ జాతి కుక్క బన్నీ ఇవాళ లేచి తిరుగుతోంది కాబట్టి గండం గడిచిందనుకోకండి. ఇది చదవడం ఆపి, దగ్గర్లో ఉన్న వెటర్నరీ క్లినిక్‌కి ఫోన్ చేసి ఇవాళే తీసుకొస్తున్నామని చెప్పండి. మిగతాది అక్కడ కూర్చుని చదువుకోవచ్చు.

ఇదే పరిస్థితిలో ఉన్న వేరేవాళ్లకి కూడా పనికొస్తుంది కాబట్టి మీరు రాసింది క్లుప్తంగా చెబుతాను. ఏప్రిల్లో బెంగళూరు నుంచి చెన్నైలోని వేళచ్చేరికి మారారు. మీ పగ్‌కి నాలుగేళ్లు, బరువు 11 కిలోలు. పగలంతా ఏసీ గదిలోనే ఉంటుంది. నిన్న సాయంత్రం అయిదింటికి ఎండ తగ్గిందని వాకింగ్‌కి తీసుకెళ్తే పావుగంటలోపే కూలబడింది. నాలుక ముదురు ఎరుపు, నోట్లోంచి తీగలా సాగే చొంగ, ఒక వాంతి. తడి టవల్ చుట్టి ఆటోలో బయల్దేరారు, మొదటి క్లినిక్ మూసి ఉంది, రెండోది వెతికేలోపు అది లేచి నిలబడింది, దాంతో ఇంటికి తెచ్చేశారు. ఇవాళ తిండి సగమే తింది. ఎండ లేని టైమ్‌లో ఎందుకిలా అయింది, మళ్లీ అయితే ఏం చేయాలి, పారాసిటమాల్ వేయొచ్చా, నెలాఖరుకి గుంటూరు తీసుకెళ్లొచ్చా అని అడిగారు.

నేను చెన్నైలో చాలా ఏళ్లుగా పెంపుడు జంతువులకి వైద్యం చేస్తున్నాను. ప్రతి వేసవిలోనూ ఇలాంటి కేసులు వస్తాయి. వాటిలో పోయినవి చాలావరకు ఇంట్లోనే, మొదటి పది నిమిషాల్లో సరైన పని చేసి ఉంటే బతికేవి, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఇవాళే ఎందుకు చూపించాలంటే, వడదెబ్బ చేసే నష్టం ఆ సాయంత్రంతో అయిపోదు. కుక్క మామూలు ఒంటి వేడి 100.5 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. అది 106 దాటితే పేగుల లోపలి పొర, రక్తనాళాల గోడలు, మూత్రపిండాలు, కాలేయం దెబ్బతినడం మొదలవుతుంది. ఒంటి వేడి దిగిపోయాక కూడా ఆ దెబ్బ ఫలితం మెల్లగా, ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడొచ్చు. కిందటేడు ఒక లాబ్రడార్‌ని తెచ్చారు. పొద్దున మేడ మీద బంతి ఆట ఆడించారట, పడిపోయింది, నీళ్లు పోశాక తేరుకుంది. మొదటి రోజు రక్తపరీక్ష దాదాపు బాగానే ఉంది. మర్నాటికి ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి, పొట్ట కింద వెంట్రుకలు లేని చోట ఆవగింజంత ఎర్ర చుక్కలు తేలాయి, విరేచనంలో రక్తం. ఆసుపత్రిలోనే ఉంచాం కాబట్టి వెంటనే పట్టుకోగలిగాం, అది ఇంటికి నడిచి వెళ్లింది. అదే ఇంట్లో ఉండి ఉంటే ఆ చుక్కల్ని చెమటకాయలనుకునేవాళ్లు.

కాబట్టి డాక్టర్ దగ్గర రక్తకణాల లెక్క, ప్లేట్‌లెట్లు, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, లివర్ ఎంజైములు, షుగర్, వీలైతే రక్తం గడ్డకట్టే సమయం చూపించండి. ఇవాళ బాగున్నా రేపో ఎల్లుండో ఇంకోసారి చేయించమని మీరే అడగండి. ఇంట్లో ఉన్నంతసేపూ ఒక కంట కనిపెట్టాల్సినవి ఇవి: మూత్రం తగ్గడం లేదా కాఫీ రంగులో రావడం, విరేచనం నల్లగా తారులా లేదా ఎర్రగా ఉండడం, చిగుళ్ల మీద, పొట్ట మీద చుక్కలు లేదా కమిలిన మచ్చలు, నడుస్తూ తూలడం, పిలిస్తే పలక్కపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రైనా సరే బయల్దేరాల్సిందే. నిన్న వాంతి అయింది, ఇవాళ తిండి తగ్గింది. నాకు ఈ రెండూ నచ్చలేదు.

ఇక సాయంత్రం అయిదింటికి ఎందుకిలా అయిందనే ప్రశ్న. మనకి ఒళ్లంతా చెమట పడుతుంది, ఆ చెమట ఆరితే ఒళ్లు చల్లబడుతుంది. కుక్కకి ఆ సౌకర్యం లేదు. అరికాళ్ల మెత్తల్లో కొంచెం చెమట తప్ప మిగతా చల్లదనమంతా నాలుక, ముక్కు లోపలి తడి ఆవిరి కావడం వల్లే రావాలి. అది రొప్పేది అందుకే. గాలిలో తేమ నిండుగా ఉంటే ఆ తడి ఆరదు. ఎంత రొప్పినా ఫలితం ఉండదు, పైగా రొప్పడానికి వాడే కండరాలే ఇంకా వేడి పుట్టిస్తాయి. చెన్నైలో మే నెలలో మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక ఎండ తీవ్రత తగ్గినట్టు మనకి అనిపిస్తుంది, ఉష్ణోగ్రత కూడా కాస్త దిగుతుంది, కానీ ఆ గాలి తేమని మోసుకొస్తుంది. అయిదింటికి తారు రోడ్డూ, సిమెంటు పేవ్‌మెంటూ పగలంతా తాగిన వేడిని కక్కుతూనే ఉంటాయి. మన ముఖం నేలకి అయిదడుగుల ఎత్తులో ఉంటుంది, పగ్ పొట్ట నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది. మీరు పీల్చిన గాలీ అది పీల్చిన గాలీ ఒకటి కాదు.

దానికి తోడు అది పగ్. ముక్కు రంధ్రాలు సన్నగా ఉంటాయి, అంగిలి వెనక భాగం పొడుగ్గా ఉండి గొంతుకి అడ్డం పడుతుంది, గట్టిగా రొప్పేకొద్దీ ఆ భాగం వాచి దారి ఇంకా మూసుకుపోతుంది. నిద్రలో గురక ముద్దుగా ఉందని వీడియోలు తీస్తుంటారు గానీ నిజానికి అది ఊపిరాడని చప్పుడు. బ్రిటన్‌లో తొమ్మిది లక్షలకి పైగా కుక్కల 2016 నాటి రికార్డులు చూసి 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, లాబ్రడార్‌తో పోలిస్తే చౌ చౌ, బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లకి వడదెబ్బ ముప్పు చాలా ఎక్కువని తేలింది. పగ్‌లు కూడా ఆ ముప్పు ఎక్కువున్న జాబితాలోనే ఉన్నాయి. వడదెబ్బ తగిలినవాటిలో సుమారు ఏడింట ఒకటి చనిపోయింది. అదీ చల్లటి దేశంలో. ఇంకో సంగతి, అక్కడ నాలుగింట మూడు కేసులకి కారణం పార్కు చేసిన కారు కాదు, నడకా పరుగూ ఆటా. అంటే మీకు జరిగిందే.

మూడోది, అలవాటు. కొత్త వేడికి ఒళ్లు సర్దుకోవాలంటే కుక్కకి కనీసం రెండు మూడు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. బెంగళూరు వాతావరణంలో పెరిగి, ఇక్కడికొచ్చాక పగలంతా ఏసీలో ఉండి, ఒక్కసారిగా వీధిలోకి వస్తే ఆ సర్దుబాటుకి అవకాశమే లేదు. ఏసీ తప్పని నేననడం లేదు. పగ్‌కి ఏసీ కావాలి. కానీ ఏసీలో హుషారుగా ఉంది కదా అని బయట కూడా అలాగే ఉంటుందని లెక్క వేయకూడదు.

ఇప్పుడు అసలు విషయం, మళ్లీ జరిగితే ఏం చేయాలి. ముందు చల్లబరచాలి, తర్వాత తీసుకెళ్లాలి. ఈ వరస మారకూడదు. కూలబడిన కుక్కని చూస్తే ఎవరికైనా కాళ్లూ చేతులూ ఆడవు, టెన్షన్‌లో వెంటనే ఎత్తుకుని పరిగెత్తాలనే అనిపిస్తుంది. కానీ వేళచ్చేరి నుంచి వేపేరి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి సాయంత్రం ట్రాఫిక్‌లో ఎంత టైమ్ పడుతుందో మీకు తెలుసు. ఆ టైమంతా దాని ఒళ్లు 106, 107లో ఉడుకుతూనే ఉంటుంది. అవయవాలకి జరిగే నష్టం, వేడి ఎంతుంది అన్నదాంతో పాటు ఎంతసేపు ఉంది అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. బ్రిటన్‌లో కూడా వడదెబ్బ కుక్కల్లో ఆసుపత్రికి తెచ్చేముందు చల్లబరిచినవి అయిదింట ఒకటే అని 2023లో వచ్చిన ఇంకో అధ్యయనం చెప్పింది, కాబట్టి ఇది మన ఒక్కరి అలవాటు కాదు.

ఎలా అంటే, నీడలోకి, వీలైతే బాత్రూమ్‌లోకి తీసుకెళ్లండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల కాస్త ఎత్తుగా ఉండాలి, మెడ వంగిపోకూడదు. కాలర్, హార్నెస్ విప్పేయండి. మెడ, ఛాతీ, పొట్ట, తొడల లోపలి భాగం మీద మగ్గుతో ఆపకుండా నీళ్లు పోయండి. ముక్కు మీదా నోట్లోనూ పోయకండి. పోస్తూనే ఇంకో చేత్తో వెంట్రుకల్ని ఎదురుగా నిమురుతూ ఉండండి, లేకపోతే నీళ్లు పైపైన జారిపోతాయి, చర్మానికి తగలవు. ఇంకొకరు ఫ్యాను తెచ్చి దాని మీదకి ఫుల్ స్పీడులో పెట్టాలి. పొడి ఒంటి మీద ఫ్యాను గాలికి కుక్కకి పెద్దగా ఉపయోగం లేదు, తడి ఒంటి మీద గాలి తగిలితే ఆ తడి ఆరుతూ వేడిని లాక్కుపోతుంది. వాటికి లేని చెమటని మనం నీళ్లతో సమకూరుస్తున్నామన్నమాట. ప్లగ్గూ తీగా తడి నేలకి దూరంగా ఉండేలా చూసుకోండి, ఆ హడావిడిలో మనిషికి షాక్ కొట్టకూడదు.

ఇక్కడ చెన్నై వాళ్లు మరిచిపోయే ఒక సంగతి ఉంది. మే నెలలో మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. కుక్క ఒళ్లు 41 డిగ్రీల సెల్సియస్ (సుమారు 106 ఫారన్‌హీట్) ఉంటే ట్యాంకు నీళ్లు కూడా దాదాపు అంతే ఉండొచ్చు, ఇంకా ఎక్కువా ఉండొచ్చు. ఆ నీళ్లు పోస్తే చల్లబరుస్తున్నామనుకుంటూ టైమ్ వేస్ట్ చేసినట్టే. ముందు మీ ముంజేతి మీద పోసుకుని చూడండి. వేడిగా ఉంటే తాగే నీళ్ల క్యాన్ వంచేయండి, ఆ టైమ్‌లో ముప్పై నలభై రూపాయల నీళ్లు చూసుకోకండి. లేదా బకెట్‌లో పట్టి ఫ్రిజ్‌లో ఐసు ముక్కలన్నీ వేసేయండి. కింద సంపు ఉంటే ఆ నీళ్లు చల్లగా ఉంటాయి.

చల్లటి నీళ్లు తగిలితే రక్తనాళాలు ముడుచుకుపోయి వేడి లోపలే ఉండిపోతుందని, గోరువెచ్చటి నీళ్లే వాడాలని చాలాకాలం చెప్పేవాళ్లు. ఇప్పుడా సలహా మారింది. ఆరోగ్యంగా ఉన్న వయసు కుక్క ఆటలో పడిపోతే మెడ దాకా చల్లటి నీళ్లలో ముంచడమే అన్నిటికంటే వేగంగా పని చేస్తుంది, తల మాత్రం పైకి పట్టుకోవాలి. ముసలి కుక్కలకి, గుండె జబ్బు ఉన్నవాటికి, పగ్‌లాంటి పొట్టి ముక్కు జాతులకి ముంచడం కంటే నీళ్లు పోసి గాలి తగిలించే పద్ధతి మంచిది.

తడి టవల్ మాట. మీరు మంచి మనసుతోనే చుట్టారు, అందరూ చేసేదే. కానీ టవల్ రెండు నిమిషాల్లో ఒంటి వేడి పట్టేస్తుంది, ఆపైన అది దుప్పటి కప్పినట్టే, గాలి తగలదు, తడి ఆరదు. కింద పరచడానికైతే పరవాలేదు, మీద కప్పకండి.

ఇంట్లో ఒక డిజిటల్ థర్మామీటర్ పెట్టుకోండి, మామూలు మెడికల్ షాపులో దొరికేదే. కొన మీద కొబ్బరినూనె రాసి మలద్వారంలో అంగుళం లోపలికి పెట్టి చూడాలి, చంకలో పెడితే వచ్చే రీడింగ్ నమ్మడానికి లేదు. థర్మామీటర్ కొలవగలిగే హద్దు దాటితే అంకె బదులు ఇంగ్లీషు హెచ్ అక్షరం చూపిస్తుంది, అది పాడైందనుకుని బ్యాటరీ మార్చేవాళ్లని చూశాను. పాడవలేదు, కుక్క ప్రమాదంలో ఉంది. నాలుగైదు నిమిషాలకోసారి చూస్తూ 103 ఫారన్‌హీట్‌కి దిగగానే నీళ్లు ఆపేయండి. ఆపకుండా పోస్తూనే ఉంటే వేడి అక్కడితో ఆగదు, మామూలు కంటే కిందకి జారి వణుకు మొదలవుతుంది. థర్మామీటర్ లేకపోతే పది, పదిహేను నిమిషాలు పోసి, రొప్పు నెమ్మదించాక బయల్దేరండి. తెలివి లేకుండా పడి ఉన్నా, ఫిట్స్ వస్తున్నా ముందు నీళ్లే, కాకపోతే అప్పుడు ఇంకొకరు ఆసుపత్రికి ఫోన్ చేస్తూ ఉండాలి. ఎవరు తెరిచి ఉన్నారో కనుక్కుని బయల్దేరండి. నిన్న మీరు మూసిన తలుపు ముందు నిలబడాల్సి వచ్చింది కదా, ఆ టైమ్ కుక్కకి లేదు. మీ చుట్టుపక్కల రెండు క్లినిక్కులవి, వేపేరి ఆసుపత్రిది, నంబర్లు ఇవాళే ఫోన్‌లో పెట్టుకోండి. ఆటో కంటే ఏసీ క్యాబ్ మేలు, దొరక్కపోతే ఆటోలోనే రెండు పక్కలా గాలి తగిలేలా, ఒళ్లు తడిగా ఉండగానే.

తెలివిలో ఉండి తనంతట తాను తాగితే నీళ్లు పెట్టండి, కొంచెం కొంచెంగా. నోరు తెరిచి నీళ్లో మజ్జిగో పోయకండి. రొప్పుతున్న కుక్క నోట్లో పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, వడదెబ్బ నుంచి బయటపడి న్యుమోనియాతో పోయినవి ఉన్నాయి.

పారాసిటమాల్ వద్దు. ఏ జ్వరం మాత్రా వద్దు. జ్వరంలో మెదడే ఒంటి వేడిని పెంచుతుంది, మాత్ర ఆ మెదడుకి చెప్పి తగ్గిస్తుంది. వడదెబ్బలో మెదడు చల్లబరచాలనే చూస్తోంది, ఒళ్లు చల్లబడలేకపోతోంది, అక్కడ మాత్రకి పనేమీ లేదు. పైగా అప్పటికే అలసిన కాలేయం మీద ఇంకో బరువు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ అయితే పేగుల్లో రక్తస్రావం, మూత్రపిండాల దెబ్బ. ఇంట్లో పిల్లి ఉంటే మరీ గుర్తుపెట్టుకోండి, పెద్దవాళ్లు వేసుకునే పారాసిటమాల్ సగం మాత్ర చాలు పిల్లి ప్రాణం పోవడానికి.

మన ఇళ్లలో ఇంకో అలవాటు, వడదెబ్బ అనగానే ఉల్లిపాయ. అరికాళ్లకి, ఛాతీకి ఉల్లిరసం రాయడం. పెద్దవాళ్లు ప్రేమతో చేస్తారు, వద్దంటే నొచ్చుకుంటారు, అయినా గట్టిగా చెప్పండి. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకీ పిల్లులకీ విషం, ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఒంటికి రాస్తే నాకకుండా ఉండదు. అరికాళ్లకి స్పిరిట్ రాయడం కూడా వద్దు.

పడిపోయేదాకా ఆగకుండా ముందే ఎలా గుర్తించాలని చాలామంది అడుగుతారు. నాలుక చూడండి. మామూలు రొప్పులో నాలుక బయటికి వస్తుంది, కొన సన్నగానే ఉంటుంది. వేడి ఎక్కువైతే నాలుక పొడుగ్గా సాగి, కొన గరిటెలా వెడల్పై, అంచులు పైకి మడుచుకుంటాయి. అది కనిపిస్తే నడక అక్కడితో ఆపేయాలి. చొంగ నీళ్లలా కాకుండా చిక్కగా జిగటగా అవుతుంది. చిగుళ్లు మొదట ఇటుక ఎరుపు, బాగా ముదిరితే నీలంగానో పాలిపోయో ఉంటాయి. పగ్‌లో అయితే చప్పుడు మారుతుంది, మామూలు గురగుర కాస్తా గట్టిగా, గీసినట్టు వస్తుంది. నడుస్తూ నడుస్తూ నీడలో నిలబడిపోయి కదలకపోతే మొండితనం అనుకుని తాడు లాగకండి. అది మనకి చెప్పాల్సింది చెబుతోంది. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్‌లతో ఇంకో చిక్కు, బంతి విసిరితే పడిపోయేదాకా తెస్తూనే ఉంటాయి, ఆపాల్సింది మనమే.

పిల్లి నోరు తెరిచి రొప్పిందంటే అది మామూలు విషయం కాదు, వేడి వల్లైనా గుండె వల్లైనా వెంటనే చూపించాలి. పర్షియన్ పిల్లులకి పగ్ లాంటి ముక్కే కాబట్టి జాగ్రత్తలు కూడా అవే. కుందేలు గది వేడి 28 డిగ్రీల సెల్సియస్ దాటగానే ఇబ్బంది పడుతుంది, చెన్నై బాల్కనీలో బోను పెట్టడం దానికి శిక్ష. చెవులు చల్లటి నీళ్లతో తడపండి, గడ్డకట్టిన నీళ్ల సీసా గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి, నీళ్లలో మాత్రం ముంచకండి. లవ్‌బర్డ్స్, బడ్జీలు ముక్కు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుని కూర్చుంటే వేడికి తాళలేకపోతున్నాయని అర్థం, నీడలోకి మార్చి సన్నగా నీళ్లు స్ప్రే చేయండి.

ఇక ముందుజాగ్రత్త. ఇక్కడివాళ్లు కత్తిరి అనే మండుటెండల రోజులు సుమారుగా మే 4 నుంచి 28 దాకా. చెన్నై నుంగంబాక్కంలో 2003 మే 31న 45 డిగ్రీలు నమోదైంది, అంటే కత్తిరి అయిపోయిందని ఊపిరి పీల్చుకోవడానికి కూడా లేదు. జూన్ మధ్య దాకా బన్నీకి వాకింగ్ అనేది పొద్దున సూర్యుడు రాకముందు పది నిమిషాలు, రాత్రి తొమ్మిది దాటాక పది నిమిషాలు, అంతే. రోడ్డు మీద అరచేయి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించి ఉంచండి, మీరు ఉంచలేకపోతే దాని పాదాలూ ఉంచలేవు. మెడ పట్టీ తీసేసి ఛాతీకి కట్టే హార్నెస్ వాడండి. నోరు బిగించే గుడ్డ మజిల్ ఈ నెలల్లో అసలు వద్దు, నోరు తెరవలేని కుక్క చల్లబడలేదు. నడక తగ్గితే విసుగు రాకుండా ఇంట్లోనే తిండి అక్కడక్కడా దాచి వెతికించండి, ముక్కుతో పని చెబితే పగ్‌లు అలిసిపోయి హాయిగా నిద్రపోతాయి.

బరువు తగ్గించాలి, ఇది మీరు అడగలేదు, అయినా చెప్పక తప్పదు. పగ్‌కి 11 కిలోలు చాలా ఎక్కువ, ఎనిమిదికి అటూ ఇటూ ఉండాలి. చర్మం కింది కొవ్వు వేడిని పోనివ్వదు, గొంతు చుట్టూ కొవ్వు గాలిదారిని ఇంకా ఇరుకు చేస్తుంది. ఎండాకాలంలో నడకతో కాదు, గిన్నెలో తగ్గించండి. పెరుగన్నం మంచిదే గానీ అన్నం కొలత చూసుకోవాలి. తేరుకున్నాక ముక్కు రంధ్రాలు, అంగిలి ఒకసారి పరీక్ష చేయించండి, అవసరమైతే చిన్న ఆపరేషన్‌తో గాలిదారి వెడల్పు చేయొచ్చు. అలా చేయించాక అసలు కొత్త కుక్కలా ఉందని చెప్పినవాళ్లు నా దగ్గరికి చాలామంది వచ్చారు.

మీది పై అంతస్తు అని రాశారు. స్లాబు వేడి రాత్రి దాకా దిగుతూనే ఉంటుంది, కాబట్టి కరెంటు పోయినప్పుడు బన్నీకి చోటు బెడ్‌రూమ్ కాదు, బాత్రూమ్ గచ్చు. ఇన్వర్టర్ మీద ఫ్యాను తిరుగుతుందిలే అని వదిలేసి ఆఫీసుకి వెళ్లకండి, పొట్ట తడిపి ఫ్యాను వేస్తేనే ఉపయోగం. పని మనిషికో పక్కింటివాళ్లకో తాళం ఇచ్చి కరెంటు పోతే చూడమని చెప్పండి. నీళ్లు ఒకచోట కాదు, రెండు మూడు చోట్ల పెట్టండి, మట్టి తొట్టి అయితే చల్లగా ఉంటాయి. ఎయిర్ కూలర్ కొనాలనుకుంటే మన ఊళ్లలో పొడి గాలికి పని చేసినట్టు ఇక్కడ చేయదు, తలుపులు మూసిన గదిలో పెడితే తేమ పెంచి కీడే చేస్తుంది. బొచ్చు కుక్కలు ఉన్నవాళ్లు, ముఖ్యంగా హస్కీ, పొమరేనియన్, గోల్డెన్ రిట్రీవర్ వాళ్లు, చర్మం కనిపించేలా గొరిగించకండి. లోపలి మెత్తటి బొచ్చుని దువ్వెనతో తీసేస్తే చాలు. గ్రూమింగ్‌కి పంపితే డ్రయ్యర్ పెట్టిన బోనులో ఒంటరిగా వదిలిపెట్టబోమని మాట తీసుకోండి, ఆ బోనులోంచి సరాసరి నా టేబుల్ మీదకి వచ్చిన షిట్జూ ఉంది.

కారులో అయిదు నిమిషాలు కూడా వదలకండి. కాలిఫోర్నియాలో కొలిచి 2005లో ప్రచురించిన లెక్క ప్రకారం ఎండలో ఆపిన కారు లోపల గంటలో సగటున 22 సెల్సియస్ డిగ్రీలు పెరుగుతుంది, అందులో అయిదింట నాలుగు వంతులు మొదటి అరగంటలోనే. అద్దం కాస్త దించినా పెద్ద తేడా లేదు. బయట 35 ఉంటే లోపల అరగంటలో 50 దాటుతుంది.

గుంటూరు ప్రయాణం గురించి. ఈ నెలాఖరుకి వద్దు. వచ్చే రిపోర్టులు బాగున్నా, ఒకసారి వడదెబ్బ తిన్న కుక్కకి మళ్లీ తొందరగా వడదెబ్బ తగలొచ్చు, పైగా మీరనే టైమ్‌కి రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండలు. మామూలు రైలు టికెట్ మీద కుక్కని సామాన్లు వేసే బ్రేక్ వ్యాన్‌లోని పెట్టెలో పెడతారు, ఆ ఇనుప పెట్టెలో పగ్ పగటిపూట ఉండలేదు. ఫస్ట్ ఏసీలో కూపే (ఇద్దరు పట్టే గది) మొత్తం మీకే దొరికితే అది వేరే మాట. విమానంలో కార్గోలో పొట్టి ముక్కు కుక్కల్ని చాలా సంస్థలు తీసుకోవు, అందుకు కారణం కూడా ఇదే. తప్పనిసరైతే కారే. తెల్లవారుజాము మూడింటికి బయల్దేరి, ఎండ ముదిరేలోపు ఒంగోలు దాటేలా చూసుకోండి. బయల్దేరే ముందు కడుపు నిండా పెట్టకండి, ఏసీ గాలి వెనక సీటు దాకా వస్తోందో లేదో మీరు అక్కడ కూర్చుని చూడండి, ఇరవై లీటర్ల క్యాను, మగ్గు, థర్మామీటర్ చేతికందేలా పెట్టుకోండి. నెల్లూరులో టిఫిన్‌కి ఆగితే ఒకరు తిని వచ్చాక ఇంకొకరు వెళ్లండి, ఇంజిన్, ఏసీ ఆన్‌లో ఉండగా బన్నీ పక్కన మనిషి ఉండాలి. గుంటూరులో మీవాళ్ల ఇంట్లో ఏసీ లేకపోతే మాత్రం ఇక్కడే నమ్మకమైన వాళ్ల దగ్గర ఏసీ గదిలో వదిలి వెళ్లండి.